డికేటర్ ఏబ్ దాక్కోలేదు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరం దిద్దినదాన్ని. ఒత్తులు మర్చిపోతుంటాను. పెద్ద మాట వస్తే ఆగి, నోట్లో ఒకటికి రెండుసార్లు అనుకుని, అప్పుడు రాస్తాను. ఈ కాసిని కాగితాలకి పదకొండు రోజులు పట్టింది. ఇంకో సంగతి. 'నేను' అని మొదలుపెట్టబోతే చెయ్యి కదల్లేదు. అందుకని జ్ఞానమ్మ అనీ, ఆమె అనీ రాశాను. పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టు ఉంటే కాస్త ధైర్యంగా ఉంది.

జ్ఞానమ్మ ఫోనును వంటింటి బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కి, కొంగు తల మీదికి లాక్కుంది. ప్రార్థనకు తప్ప కొంగు కప్పుకోవడం ఆమెకు అలవాటు లేదు, ఇది ప్రార్థనా కాదు, అయినా చెయ్యి దానంతటదే వెళ్ళింది. "హోల్డ్‌లో ఉండండి మేడమ్, కట్ చెయ్యకండి" అని రేడియో స్టేషన్లో ఫోన్లు ఎత్తే పిల్ల చెప్పి వెళ్ళిపోయింది. గోడ గడియారంలో ఐదూ నాలుగు. ఇక్కడ ఆష్‌బర్న్‌లో ఐదంటే అక్కడ అలబామాలో నాలుగు, రస్టీ గారి ఫుట్‌బాల్ కబుర్ల కార్యక్రమం అక్కడి ఐదింటికి అయిపోతుంది, అంటే చేతిలో ఉన్నది యాభై ఆరు నిమిషాలు. ఫోను చార్జింగు పంతొమ్మిది శాతం. ఫెబీ ఆఫీసు నుంచి ఆరులోపు వచ్చేస్తుంది, వచ్చి ఈ ఫోను ఎవరికో తెలిస్తే లాక్కున్నా లాక్కుంటుంది, కడుపున పుట్టిన కూతురే, మంచిదే, కానీ ఈ విషయంలో కాదు. రేపు థాంక్స్‌గివింగ్ పండగ, ఎల్లుండి శుక్రవారం, ఈ రెండు రోజులూ రస్టీ గారు ఉండడు, శనివారం మ్యాచ్. చెప్పాల్సింది ఈ యాభై ఆరు నిమిషాల్లో చెప్పాలి. చెప్పకపోతే శనివారం స్టేడియంలో డెబ్బై వేల మంది ఉంటారు, వాళ్ళలో రస్టీని వినేవాళ్ళందరికీ డికేటర్ ఏబ్ అనేవాడు పిరికివాడిగానే మిగిలిపోతాడు.

హోల్డ్‌లో ఉన్నా కార్యక్రమం వినపడుతూనే ఉంటుంది, అదొక మేలు. ఎవరో ట్రక్కు టైర్ల గురించి అరుస్తున్నాడు, తర్వాత యాక్సిడెంటు లాయరు, తర్వాత పంది పక్కటెముకలు కాల్చి అమ్మేవాడు. ఇరవై రెండేళ్ళు అలబామాలోని డికేటర్‌లో ఈ ప్రకటనలు వింటూనే ఆమె చారు పోపు పెట్టింది. మాటలు అర్థం కాని రోజుల్లో కూడా లాయరు గొంతు వినగానే బియ్యం కడగాలని తెలిసేది. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేది, అడ్డొచ్చినవాడు మీద పడేది. ఆడేది కాలేజీ పిల్లలు, కొట్టుకుచచ్చేది రాష్ట్రం మొత్తం. ఒక కాలేజీ జట్టు పేరు గ్రే మ్యూల్స్, అంటే కంచరగాడిదలు, ఇంకోదాని పేరు రివర్ హాక్స్, అంటే గద్దలు, ఆమె లెక్కలో గద్దలే. శనివారం మ్యాచ్ ఈ రెంటికే. అలబామాలో మా ఆయన పని చేసిన కోళ్ళ ఫ్యాక్టరీలో... అదిగో, మా ఆయన అని రాసేశాను. ఉండనివ్వండి. అబ్రహాం గారు పని చేసిన కోళ్ళ ఫ్యాక్టరీలో మొదటి రోజు, తణుకు దగ్గర కోళ్ళఫారాల్లో ఇరవై ఏళ్ళు చేసొచ్చిన మనిషి, తెల్లకోటు వేసుకుని భోజనాల బల్ల దగ్గర ఒక్కడే నిలబడితే, ఎదుట కూర్చున్నవాడు మీదే ఊరు అనలేదు, మీదే మతం అనలేదు, నువ్వు ఎవరి పక్షం, మ్యూల్సా, హాక్సా అన్నాడట. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు. "ఎవరి పక్షం అనడిగేడు జ్ఞానం. మన పేటలో మనల్ని ఎవడైనా పక్షం అడిగేడా? పంచాయితీలో దూరంగా నిలబెట్టి తీర్పు చెప్పేవోళ్ళే గానీ." మరి మీరేమన్నారండీ అంటే, ఎవరు ఎక్కువసార్లు ఓడిపోతారని అడిగాను, మ్యూల్స్ అన్నాడు, అయితే నేను మ్యూల్స్ అన్నాను, ఓడేవాళ్ళ పక్కన కూర్చోవడానికి చోటు దొరుకుతుంది కదా అన్నాడు. నవ్వించడానికి అన్నాడు గానీ నిజంగానే అక్కడే కూర్చున్నాడు, చచ్చేదాకా.

పదిహేడు. ఫోనుకి కూడా ఆయాసం వస్తున్నట్టుంది. చార్జరు ఫెబీ గదిలో ఉంది, లేచి వెళితే ఆ లోపల పిలుస్తారేమో, వెళ్ళదు. ఎదురుగా బల్ల మీద కార్డు. అరచెయ్యంత తెల్ల కార్డు, గీతలున్నది, ఒక మూల కాఫీ మరక. ఆమెకు అక్షరాలొచ్చింది ఇలాంటి కార్డుల మీదే. హంట్స్‌విల్ తెలుగు చర్చిలో ఆదివారం మధ్యాహ్నం స్త్రీల కూడికలో తలా ఒక వాక్యం చదవాలి, తన వంతు ఏదో ముందే పక్కావిణ్ణి అడిగి, కంఠతా పట్టి, పేజీ వంక చూస్తూ ఒప్పజెప్పేది. ఒకసారి పాస్టరమ్మగారు వరస మార్చారు. జ్ఞానమ్మ కంఠతా పట్టిందే చెప్పింది, అదేమో ముందావిడ అప్పుడే చదివేసింది. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ రాత్రే అబ్రహాం గారు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన కార్డుల కట్ట విప్పి మొదటిదాని మీద అ రాశాడు, ఆమె అరవై ఒకటో ఏట. ఏడాదికి గుణింతాలొచ్చాయి, రెండేళ్ళకు పేరా చదివింది. అప్పుడు ఆయన ఒక పని మొదలుపెట్టాడు. రస్టీకి ఫోన్ చేసినప్పుడు గొంతు పూడుకుపోతుంది, అనుకున్నది సగం మర్చిపోతాడు, అందుకని చెప్పాల్సిన ఇంగ్లీషంతా తెలుగు అక్షరాల్లో కార్డు మీద రాసి ఆమెకిచ్చేవాడు. ఆమె పక్కన కూర్చుని మాట మాట కింద వేలు జరుపుతుంటే ఆయన చదివేవాడు. ఇంగ్లీషులోనే రాసుకోవచ్చు కదండీ, నాకు అర్థం కావట్లేదు కదా అంటే, "అర్థం నాకు తెలుసులే, నీ వేలు కావాలి" అన్నాడు.

రేడియోలో డికేటర్ ఏబ్ అంటే ఈ అబ్రహామే. మ్యూల్స్ గెలిచినా ఓడినా సోమవారమో మంగళవారమో ఫోన్ చేసేవాడు, ఓడితే ఇంకా తొందరగా చేసేవాడు. కల్‌మన్ నుంచి డ్వేన్ అనేవాడు హాక్స్ తరఫున ఫోన్ చేసేవాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసింది లేదు, పన్నెండేళ్ళు రేడియోలో తిట్టుకున్నారు. మీ గాడిదలకు గడ్డి వేశావా ఏబ్ అని వాడు, మీ గద్ద గుడ్డు పెట్టిందా డ్వేన్ అని ఈయన. డ్వేన్ గుండె ఆపరేషన్ చేయించుకున్నప్పుడు మూడు వారాలు ఫోన్ చేయకపోతే ఈయన అన్నం సరిగ్గా తినలేదు. మరి ఈయన ఫోన్ చేయకపోతే ఆ డ్వేన్ ఏం చేశాడు?

నలభై రోజులు. ఆయన పోయాక జరిగిన ఆదరణ కూడికలో పెద్దలు చెప్పారు, నలభయ్యో నాటి జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా ఇంట్లో పాటలూ టీవీలూ రేడియోలూ వద్దమ్మా అని. జ్ఞానమ్మ అలాగేనండి అంది. ఫెబీ డికేటర్ ఇల్లు తాళం పెట్టి తల్లిని ఆష్‌బర్న్ తెచ్చేసింది. ఇక్కడ రోడ్లకు అటూ ఇటూ కిటికీలు లేని పెద్ద పెద్ద పెట్టెల్లాంటి కట్టడాలు, వాటిలో మనుషులు కాదు, కంప్యూటర్లు ఉంటాయట. వాటి హోరు వింటూ నలభై రోజులు నోరు మూసుకు కూర్చుంది. అవి గడిచాక వచ్చిన సోమవారం మధ్యాహ్నం, ఫెబీనే ఎప్పుడో ఫోన్లో పెట్టిచ్చిన రేడియో నొక్కింది, రస్టీ గొంతు వింటే ఆయన పక్కన కూర్చున్నట్టుంటుందని. విన్నది ఇది. "డికేటర్ ఏబ్ దాక్కుని ఇవాళ్టికి నలభై రెండో రోజు, ప్రజలారా!" డ్వేన్ గొంతు. వెనకాల కోడి. కొక్కొక్కొక్కో. అందరి నవ్వు. మ్యూల్స్ ముప్పై ఎనిమిది పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడేసరికి ఏబ్ టోపీ మార్చి పక్షం ఫిరాయించాడు, మంచం కింద దూరాడు, కోళ్ళ ఫ్యాక్టరీవాడు కోడే అయ్యాడు, కొక్కొక్కొక్కో. ఈ దేశంలో పిరికివాణ్ణి కోడి అంటారు. రోజుకో కోడికూత, ఆమె మౌనంగా ఉన్న నలభై రోజులూ కూశారన్నమాట. ఆమె మర్యాదగా కూర్చున్న ప్రతిరోజూ ఆయన మర్యాద పోయిందన్నమాట.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఫెబీకి చెబితే, "అమ్మా, వాళ్ళు జస్ట్ రేడియో పీపుల్. వాళ్ళకి తెలీదు కదా నాన్న గురించి. లీవ్ ఇట్" అంది. తెలీదు కాబట్టి చెప్పాలి కదే అంటే, "ఎవరికి? డ్వేన్‌కా? నాన్నకి వాళ్ళు ఫ్యామిలీనా?" అని కంచం తీసుకుని లేచిపోయింది. ఫెబీ కోపం ఆమెకు తెలుసు, అది డ్వేన్ మీద కాదు, జెండా మీద. ఓడిన మర్నాడు, ఆదివారం, డికేటర్ వీధిలో మ్యూల్స్ జెండాలన్నీ దిగిపోయాయి. ఈయన దించలేదు. సోమవారం పొద్దున గాలికి మెలిపడిపోయిందని సరిచేయడానికి స్టూలెక్కాడు. జ్ఞానమ్మ కిటికీలోంచి చూస్తూ, పెసరట్టు చల్లారిపోతోందండీ అంది. ఆయన వస్తన్నా అన్నాడు. జెండా మెలి విడిపోయింది, అది ఆమె చూసింది, బూడిదరంగు గాడిద తలెత్తుకుని ఉంది. తర్వాత స్టూలు మీద ఆయన లేడు. గుండె అన్నారు. స్టుపిడ్ ఫ్లాగ్, స్టుపిడ్ ఫ్లాగ్ అని ఫెబీ ఆస్పత్రి గోడకేసి తల కొట్టుకుంది. అందుకే ఆ జెండా ఇప్పుడు ఈ ఇంటి గ్యారేజీలో అట్టపెట్టెలో ఉంది. పారేయలేదు, అది కూడా జ్ఞానమ్మ చూసింది.

పదకొండు. ఐదూ ముప్పై ఒకటి. రస్టీ ఎవరో మొదటిసారి ఫోన్ చేసినవాణ్ణి పలకరిస్తున్నాడు. ఫోన్ చేసిన ప్రతివాడూ ముందు పేరు చెబుతాడు, ఊరు చెబుతాడు, ఎన్నాళ్ళ నుంచి వింటున్నాడో చెబుతాడు, అప్పుడు అసలు బాధ చెబుతాడు. మన చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళ లాగే. ఆ మాట ఒకసారి అంటే అబ్రహాం గారు పాస్టరుగారికి చెప్పకే అని నవ్వాడు. ఫోన్లు ఎత్తే పిల్ల సంగతి కూడా ఆయనే చెప్పాడు, దేని గురించమ్మా అని అడుగుతుంది, ఒక్క ముక్కలో చెప్పాలి, కథ మొదలెడితే కట్ చేస్తుంది అని. అందుకే ఇందాక ఒక్క ముక్కే చెప్పింది: "ఏబ్. డికేటర్ ఏబ్." "ఓ, ఆ కోడాయనా! మీకు తెలుసా ఆయన?" పిల్ల కిలకిలా నవ్వింది. తెలుసు అంది జ్ఞానమ్మ. పేరు? చెప్పింది. పిల్ల రెండుసార్లు ప్రయత్నించి, వర్జీనియా గ్రాండ్‌మా అని రాసుకోనా మేడమ్ అంది. నో. జ్ఞానమ్మ. ఆయన అబ్రహాం కాస్తా ఏబ్ అయ్యాడు, వాళ్ళ నోటికి తేలికని. తను కాదు.

కోడి. మళ్ళీ వేశారు, ఇందాకటి కంటే గట్టిగా. నలభై నాలుగో రోజట. డ్వేన్ వచ్చాడన్నమాట, ఏదో అంటున్నాడు, ఆమె చెవికి కోడి ఒక్కటే వినపడుతోంది. ఆ కోడి ఫారం కోడి, కూతలోనే తెలుస్తుంది. వీళ్ళు పెరటి కోడిని ఎప్పుడైనా చూశారా? ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముళ్ళను బడికి పంపి తనను పిల్లలకోడికి కాపలా పెట్టారు. పదకొండు పిల్లలు. చింతచెట్టు మీంచి గద్ద దిగింది, కర్ర చేతిలో ఉండి కూడా జ్ఞానమ్మ ఇంట్లోకి పరిగెత్తింది. కోడి పరిగెత్తలేదు. ఎగరడం రాని కోడి, మనిషెత్తు లేచి గద్ద రొమ్ము మీద తన్నింది, ఈకలు రాలాయి, ఎవరి ఈకలో తెలియదు, రెండూ నేల మీద పడి దొర్లాయి. గద్ద పోయింది. కోడికి ఒక కన్ను పోయింది. ఆ తర్వాత మూడేళ్ళు ఒంటికన్నుతో పెరడంతా తిరిగింది, కుక్కలు కూడా దారిచ్చేవి. ప్రభువు కూడా తనను పోల్చుకున్నది కోడితోనేనని పాస్టరుగారు ప్రసంగంలో చెప్పారు, సింహాలూ గద్దలూ లేకనా? ఈ సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? గద్ద వచ్చినప్పుడు పారిపోయింది కోడి కాదు, నేను. నలభై రోజులు ఇంట్లో దాక్కున్నది ఏబ్ కాదు, నేను.

గ్యారేజీ తలుపు గరగరమంది. ఆరు చార్జింగు, ఐదూ నలభై ఎనిమిది. ఫెబీ బ్యాగు భుజాన్నే వంటింట్లోకొచ్చింది, స్పీకర్లోంచి రస్టీ, తల్లి నెత్తిన కొంగు, ముందు కార్డు, ఒక్క చూపులో అర్థమైపోయింది.

"అమ్మా, నో. ప్లీజ్. వాళ్ళు రికార్డ్ చేస్తారు. యూట్యూబ్‌లో పెడతారు. నీ ఇంగ్లీష్ విని నవ్వుతారు."

"నవ్వనీ."

"నిన్ను హర్ట్ చేస్తారమ్మా."

"చెయ్యనీ. మీ నాన్నని నలభై నాలుగు రోజులు చేశారు."

ఫెబీ చెయ్యి ఫోను మీదికి వచ్చింది. జ్ఞానమ్మ తన చెయ్యి దాని మీద పెట్టింది. గట్టిగా కాదు, పెట్టింది అంతే. ఫెబీ కార్డు వంక చూసింది. తెలుగు చదవడం రాదు దానికి, కానీ తండ్రి చేతిరాత తెలియని కూతురుండదు. చెయ్యి వెనక్కి తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. సరే పో అనుకుంది జ్ఞానమ్మ, నాలుగు, ఐదూ యాభై రెండు, ప్రభువా, ఈ ఫోనుకి ఇంకో పది నిమిషాలు ఆయుష్షు పొయ్యి.

"వర్జీనియా లైను మీద... గ్యా... గానా..."

"జ్ఞానమ్మ," అంది.

"సారీ మేడమ్, నాలిక తిరగట్లేదు."

"యువర్ నేమ్ ఐ లర్న్. మై నేమ్ యూ లర్న్."

స్టూడియోలో ఎవరో ఓహో అన్నారు. రస్టీ మూడోసారి దాదాపు సరిగ్గా అన్నాడు. అని, "మీకు మా ఏబ్ తెలుసట కదా. ఎక్కడ దాక్కున్నాడు మేడమ్?" వెనకే కోడి. కొక్కొక్కొక్కో.

"ఏబ్ మై హస్బెండ్. అక్టోబర్ థర్టీన్, మండే మార్నింగ్, హి డైడ్."

కోడి సగంలో ఆగింది. రస్టీ ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు. "వెయిట్. ఐ హావ్ కార్డ్." ఆదివారం రాత్రి, అంటే ఓడిన మర్నాడు, పోవడానికి ముందు రాత్రి, మంగళవారం ఫోనుకని రాసి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టిన కార్డు. ఆమె వేలు మొదటి మాట కింద పెట్టింది. ఇన్నేళ్ళూ వేలు ఆమెది, గొంతు ఆయనది. ఇప్పుడు రెండూ ఆమెవే. ఫోను మీద ఎర్రగా రెండు అని కనిపించింది, పక్కనుంచి ఎవరిదో చెయ్యి వచ్చి చార్జరు గుచ్చింది, ఆమె తలెత్తి చూడలేదు, చూస్తే వరస తప్పుతుంది.

"హలో రస్టీ. ఏబ్ ఫ్రమ్ డికేటర్. ఐ సా ది హోల్ గేమ్. ఐ డిడ్ నాట్ స్విచ్ ఆఫ్. థర్టీ ఎయిట్ పాయింట్స్, ఐ సాట్ అండ్ సా ఎవ్రీ పాయింట్. మై ఫ్లాగ్ ఈజ్ అప్. డ్వేన్, యూ కెన్ కమ్ అండ్ సీ. లాస్ట్ సాటర్‌డే నవంబర్, బ్రింగ్ యువర్ బర్డ్. ఐ యామ్ నాట్ గోయింగ్ ఎనీవేర్."

ఒక్క మాట దాటిపోలేదు. అర్థం కూడా ఈసారి ఆమెకు పూర్తిగా తెలుసు. ఆట మొత్తం చూశాను, టీవీ ఆపలేదు, నా జెండా దిగలేదు, నవంబరు ఆఖరి శనివారం నీ గద్దను తెచ్చుకో డ్వేన్, నేనెక్కడికీ పోవట్లేదు అంటున్నాడు ఆయన.

రస్టీ అందుకున్నాడు. "మేడమ్, ఐ యామ్ సో సారీ. ఆ కోడి సౌండ్ ఇంకెప్పుడూ వెయ్యం. మాటిస్తున్నాను."

"నో. ప్లే."

"మేడమ్?"

"ప్లే చికెన్. ఐ టెల్ యూ వాట్ ఈజ్ చికెన్." చెప్పింది. క్రియలు ముందువి వెనకా వెనకవి ముందూ అయ్యాయి. చింతచెట్టుకు ఇంగ్లీషు మాట రాక బిగ్ ట్రీ అంది. గద్ద దిగింది అంది, నేను పారిపోయాను అంది, కోడి పారిపోలేదు అంది, ఒక కన్ను పోయింది, మూడేళ్ళు తిరిగింది అంది. "దట్ ఈజ్ చికెన్. ఫర్ మై హస్బెండ్ యూ ప్లే. లౌడ్ ప్లే."

"డ్వేన్ ఇంకా లైన్లోనే ఉన్నాడు," అన్నాడు రస్టీ నెమ్మదిగా.

డ్వేన్ పలికాడు, పన్నెండేళ్ళుగా విన్న గొంతు, ముసలిగొంతు అని ఆమెకు ఇప్పుడే తెలిసింది. "మేడమ్. నాకు తెలీదు. దేవుడి తోడు నాకు తెలీదు. శనివారం నేను అరవను. ఆయన కోసం నోరు మూసుకు కూర్చుంటాను."

"వాట్? నో!" బల్ల మీద చేత్తో కొట్టింది, కార్డు ఎగిరింది. నోరు మూసుకు కూర్చోవడం ఎవరికి మర్యాద? "యూ షౌట్. యూ నాట్ షౌటింగ్, హూ విల్ హి ఫైట్? బ్రింగ్ యువర్ బర్డ్. ఐ యామ్ హియర్. మండే ఐ కాల్. విన్, లాస్, ఐ కాల్."

డ్వేన్ నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. "ఎస్ మేడమ్," అన్నాడు. వెనక నుంచి ఎవరో, రస్టీయో ఆ పిల్లో, కోడిని వేశారు. ఎవరూ నవ్వలేదు. అది చివరిదాకా కూసింది. తర్వాత టైర్లవాడు వచ్చాడు.

ఫెబీ చార్జరు తీగ ఇంకా చేత్తో పట్టుకునే ఉంది. కళ్ళు తుడుచుకుని, "అమ్మా, యువర్ గ్రామర్..." అంది.

"మీ నాన్నది మాత్రం?" అంది జ్ఞానమ్మ, కొంగు దించుకుంటూ.

శనివారం ఓడిపోయాం. నలభై ఒకటి, పది. కడదాకా చూశాను, టీవీ ఆపలేదు. ఫెబీ నా పక్కన కూర్చుంది, సగంలో గ్యారేజీలోకి వెళ్ళి అట్టపెట్టె తెచ్చింది. జెండా ఇంటి ముందు కట్టాం. ఈ కాలనీలో అలాంటివి కట్టకూడదని అసోసియేషన్ వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, దించమని. దించలేదు. ఓడిన తర్వాత సోమవారం రస్టీ గారు లైన్లు తెరవగానే మొదటి ఫోను నాది. కార్డు కూడా నేనే రాసుకున్నాను. పైన ఇలా రాసి ఉంది:

జ్ఞానమ్మ, డెబ్బై రెండేళ్ళు, ఆష్‌బర్న్, వర్జీనియా.